ఏడేళ్లలోపు గంట

జూన్ 12

టైర్ల కంపెనీవాడు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ షాపులో పంక్చర్ల సామాను కింద పడి ఉంది. ఇవాళ తుడిచి ఇంటికి తెచ్చుకున్నాను. చెప్పుకుందామంటే మా ఆవిడ వినదు. వినేవాళ్లకి చెప్పబుద్ధి కాదు.

బేకరీ అతని పసిబిడ్డ పోయింది. పొద్దున్నే కబురొచ్చింది. ఎవరిదో సైకిలు చెయిను సగం ఊడదీసి ఉన్నదాన్ని అలాగే వదిలేసి, చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని చర్చి గుడికి పరిగెత్తాను. చిన్నగంట కొట్టాను. గట్టిగా, గబగబా, సంబరంగా కొట్టాను. మా నాన్న నేర్పింది అదే. పెద్దవాళ్లు పోతే పెద్దగంట. మోత అణిగేలా దాని నాలుకకి ఒక పక్క రబ్బరు కట్టాలి (నేను సైకిల్ ట్యూబు ముక్క కడతాను, నాన్న చెప్పు తోలు కట్టేవాడు). మగవాడైతే మూడేసి దెబ్బలు, ఆడమనిషైతే రెండేసి, ఆ తరవాత నింపాదిగా ఒక్కొక్కటే. ఏడేళ్లలోపు బిడ్డ పోతే మాత్రం చిన్నగంట ఒక్కటే మోగాలి. రబ్బరు కట్టకూడదు. ఆ వయసు బిడ్డకి పాపం అంటదట. పాపాలు కాలి శుద్ధయ్యే ఉత్తరించు స్థలం గడప తొక్కకుండా నేరుగా మోక్షానికి పోతుందట. అందుకని సంబరంగా కొట్టాలట.

"ఏడ్చేవాళ్లు ఇంట్లో ఏడుస్తారు. గంట ఏడవకూడదురా" అనేవాడు నాన్న.

కొట్టాక గంటల గోపురం కిటికీలోంచి తల బయటికి పెట్టాలి. కింద వీధిలో జనం ఆగి, "ఎవరి బిడ్డ?" అని అడుగుతారు. చెప్పాలి. "బేకరీ వాళ్ల బిడ్డ" అని చెప్పాను. అందరూ శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయారు.

పెళ్లయిన దగ్గర్నుంచీ కొడుతున్నాను ఈ గంటలు. ఎన్ని చిన్నగంటలు కొట్టానో. ఎప్పుడూ కొట్టేసి వచ్చి టీ తాగేవాణ్ని. ఇవాళ నేరుగా ఇంటికి వచ్చాను.

మా ఇల్లు గుడికి ఎదురుగానే. కిటికీ పక్కన మంచం మీద మా బుడంకాయ లేచి కూర్చుని ఉంది. "నాన్నా, ఇప్పుడెందుకు కొట్టావు?" అంది.

"పెళ్లి" అన్నాను.

"ఎవరిది?"

"నీకు తెలీదులే. వేరే వీధి వాళ్లు."

చప్పట్లు కొట్టింది. "భలే కొట్టావు నాన్నా" అంది. మా ఆవిడ ఇస్త్రీ చేస్తున్నదల్లా ఆగి నా మొహంలోకి చూసింది. పెళ్లికి రెండు గంటలూ కలిపి కొడతానని, ఒక తాడు చేత్తో, ఒకటి కాలికి తగిలించుకుని లాగుతానని దానికి తెలీదా అన్నట్టు చూసింది. ఆరేళ్ల పిల్లకి ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి? నమ్మింది. నమ్మబట్టే కదా చప్పట్లు కొట్టింది.

జూన్ 13

జ్వరం తగ్గింది. రెండు ముద్దలు తింది.

జూన్ 16

పెద్దాసుపత్రికి వెళ్లొచ్చాం. రక్తంలోనే ఉందట జబ్బు. ఆ సంగతి పోయిన నెలలోనే చెప్పారు, కొత్తేముంది. డాక్టరు నా వయసుకంటే చిన్నవాడు. మాట్లాడుతున్నంతసేపూ పెన్ను మూత తీయడం, పెట్టడం. "ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోండి. నొప్పి తెలియకుండా మందులిస్తాం" అన్నాడు.

"అంటే ఇక్కడ అవసరం లేదన్నమాట" అన్నాను.

"అవసరం లేదు" అన్నాడు.

చూశారా! అవసరం లేదని వాడి నోటితో వాడే చెప్పాడు. నయం కాకుండా ఎవరైనా ఇంటికి పంపుతారా? బస్సులో ఈ మాటే మా ఆవిడతో అన్నాను. ఆవిడ దిగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆడవాళ్లకి మంచి మాట చెప్పినా కష్టమే.

బుడంకాయ నా ఒళ్లో నిద్రపోయింది. చేతి మీద మళ్లీ నీలం మచ్చలు. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు. ఎవరూ పట్టుకోలేదు.

ఇంటికి వచ్చాక క్యాలెండరు తిప్పాను. జూలై తొమ్మిదికి దానికి ఏడు నిండుతాయి. ఏడు నిండితే చిన్నగంట దాని కోసం మోగే ప్రశ్నే లేదు. మోగకూడదు, అది నియమం. మా నాన్న ఉన్నా కొట్టడు, నేనూ కొట్టను, ఫాదర్ గారు చెప్పినా కొట్టకూడదు. ఈ మాట ఎందుకు ముందు తట్టలేదో.

జూన్ 17

తట్టిన దగ్గర్నుంచీ మనసు కాస్త నిమ్మళంగా ఉంది. రెండు సైకిళ్లు బాగుచేశాను.

జూన్ 20

గుడి మెట్ల మీద కొవ్వొత్తులమ్మే ముసలమ్మ ఉంది. ఎప్పటి మనిషో, మా నాన్ననే "ఒరేయ్" అనేది. నేను గోపురం తాళం తీసినప్పుడల్లా ఒకటే పాట. "ఒరేయ్ గంటలబ్బాయ్, నా గంటకి రబ్బరు సిద్ధం చేశావా?"

"నీకు సైకిల్ ట్యూబు చాలదు పెద్దమ్మా, లారీ టైరు చూస్తున్నా" అంటాను. పదేళ్లుగా ఇదే వేళాకోళం. ఆవిడ పోదు, నేను టైరు తేను.

ఇవాళ ఇంటికి వచ్చింది, అమ్ముడుపోక మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కొంగులో కట్టుకుని. బుడంకాయకి వాటిని కరిగించి బొమ్మలు చేయడం ఇష్టం. మంచం మీద ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఒకటే గుసగుసలు.

"ముసలమ్మా, నువ్వు పోతే మా నాన్న రెండేసి కొడతాడు" అంది బుడంకాయ.

"మూడేసి కొట్టమనవే. నేను మగాడిలా బతికాను."

"అలా కుదరదు. తప్పు కొడితే నాన్నకి చెడ్డపేరు."

ముసలమ్మ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నా ఆయుష్షు తీసి దానికి పెట్టమని రోజూ అడుగుతున్నానురా. ఆ పైవాడికి నా సరుకు నచ్చడం లేదు" అంది. అప్పుడు కూడా నవ్వుతూనే అంది. నాకు ఒళ్లు మండింది. ఏం మాటలవి? నయమవుతున్న పిల్లని పెట్టుకుని!

జూన్ 23

చిన్నగంట తాడు పాతబడింది. ఎలుక కొరికినట్టుంది ఒకచోట. ప్రమాదం. నిచ్చెన వేసుకుని పైకెక్కి, తాడంతా చుట్టచుట్టి పైన దూలం కొక్కేనికి కట్టేశాను. కింది నుంచి అందదు. నిచ్చెన తీసుకొచ్చి షాపులో పెట్టాను.

కొత్త తాడు వచ్చేదాకా అంతే.

జూన్ 24

ఎలుక కొరకలేదు. ఇది నేను ఒక్కణ్నే చదువుకునే డైరీ కాబట్టి రాసుకుంటున్నాను. తాడు బాగానే ఉంది.

జూన్ 27

ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాను. పెరట్లో బనీను మీద నిలబడి కుండీలకి నీళ్లు పోస్తున్నారు. జూలై తొమ్మిదిన ఇంటికొచ్చి బుడంకాయ తన పాపాలు ఆయనకి చెప్పుకునేలా పాపసంకీర్తనం చేయించి, మొదటి దివ్యసత్ప్రసాదం ఇవ్వాలని అడిగాను.

ఆయన మగ్గు కింద పెట్టారు. "ఎందుకయ్యా ఇప్పుడు? జబ్బుతో ఉన్న పిల్ల. దాని పాపాలేంటి, సంకీర్తనమేంటి? కావాలంటే నూనె పూసి అవస్థ అభ్యంగనం ఇస్తాను, దీవిస్తాను. అంతకు మించి అక్కర్లేదు."

"ఏడు నిండుతున్నాయి ఫాదర్. ఏడు నిండాక చేయాలిగా."

"చేయొచ్చు. తప్పనిసరి ఏం కాదు."

"మీరు చేయనంటే పక్క ఊరి విచారణ గురువుగారి దగ్గరికి వెళ్తాను."

ఇంత మాట ఆయన్ని నేనెప్పుడూ అనలేదు. నా పెళ్లి చేసిన మనిషి, బుడంకాయకి జ్ఞానస్నానం ఇచ్చిన మనిషి. "ఏమయ్యా, నువ్వు దేన్నో చూసి భయపడుతున్నావు. దేన్ని చూసి?" అన్నారు.

చెప్పలేదు. చెబితే నవ్వుతారు. నవ్వకపోతే ఇంకా కష్టం.

"సరే, వస్తాలే" అన్నారు. మళ్లీ మగ్గు తీసుకున్నారు, కానీ నీళ్లు పోయలేదు.

సత్ప్రసాదం తీసుకుందంటే గుడి లెక్కలో పెద్దమనిషే ఇక. పుట్టిన తేదీ ఒక్కటే అయితే ఎవరైనా వాదించొచ్చు. ఇప్పుడు రెండు తాళాలు వేసినట్టు.

జూన్ 30

తెల్ల గౌను కుట్టమన్నాను. మొదటి సత్ప్రసాదానికి తెల్లదే కదా వేస్తారు. మా ఆవిడ కుట్టనంది.

"ఎందుకని?"

"తెల్లదైతే మళ్లీ అదే వేయమంటారు" అంది.

మళ్లీ ఎప్పుడు వేస్తారని అడిగాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేతులు చెంగుకి తుడుచుకుని, చాలా నెమ్మదిగా చెప్పింది. "ఏవండీ, దాని దగ్గర కూర్చోండి. రోజూ కాసేపు ఊరికే కూర్చోండి. మీరు క్యాలెండరు దగ్గర నిలబడుతున్నారు, షాపులో నిలబడుతున్నారు, గోపురంలో నిలబడుతున్నారు. అది కళ్లు తెరిచినప్పుడల్లా నాన్నేడీ అంటోంది."

నేను దాని కోసం కాకపోతే ఎవరి కోసం తిరుగుతున్నాను? గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది ఈవిడ వరస. నేను దాని ప్రాణం కోసం పోట్లాడుతుంటే నేను కూర్చోవడం లేదని ఏడుపు.

పసుపు గౌను కుడుతోంది.

జూలై 2

థర్మామీటరు పాడైంది. కొత్తది కొనాలి.

జూలై 3

కొత్తదీ పాడైందే.

జూలై 6

ఇవాళ దాని దగ్గర కూర్చున్నాను. మా ఆవిడ చెప్పిందని కాదు. షాపులో పని లేదు.

కళ్లు తెరిచి, "నాన్నా, చిన్నగంట తాడు ఎందుకు పైకి కట్టేశావు?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"బేకరీ అక్క." బేకరీ అతని పెద్ద పిల్ల రోజూ బళ్లోంచి వస్తూ మా కిటికీ దగ్గర ఆగుతుంది. పోయిన ఆ పసిబిడ్డకి అక్క. గోపురం కింద అష్టాచెమ్మా ఆడుతూ చూసిందట.

"పాతబడింది" అన్నాను.

"కొత్తది కొను. తొందరగా కొను."

"తొందరేముంది?"

ఆలోచించింది. "ఊరికే. నాకు చిన్నగంటే ఇష్టం. పెద్దది కడుపులో గుయ్యిమంటుంది."

"నువ్వు పెద్దదానివవుతున్నావుగా. ఇంకెప్పుడూ చిన్నగంట గొడవ లేదు నీకు" అన్నాను. ఉత్సాహంగా అన్నాను. అది నా వైపు అదోలా చూసి, నా చేతిని తన బుగ్గ కింద పెట్టుకుని పడుకుంది. చేతికి గ్రీజు వాసన వస్తుంది, కడుక్కొస్తానంటే వద్దంది. చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా తియ్యలేదు.

జూలై 9

దేవుడున్నాడు!

పొద్దున్నే లేచి, దిండు ఆనుకుని కూర్చుంది. పసుపు గౌను వదులైంది, మా ఆవిడ వెనకాల పిన్నీసులు పెట్టింది. ఫాదర్ గారు వచ్చారు. మమ్మల్ని బయటికి పంపి తలుపు దగ్గరికి వేశారు. నేను వసారాలో అటూ ఇటూ తిరుగుతూ చెవి అటే పెట్టాను, తప్పే. ఏమీ వినపడలేదు. ఏదో గుసగుస, ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు.

తలుపు తీసినప్పుడు ఫాదర్ గారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయనకి జలుబు చేసినట్టుంది.

సత్ప్రసాదం చిన్న ముక్క నీళ్లతో ఇచ్చారు. మింగింది. ముసలమ్మ మూల నిలబడి పాట పాడింది, గొంతు లేదు, అయినా పాడింది. బేకరీ అతను కేకు పంపించాడు, మీద పసుపు పువ్వులు. నేను అడక్కుండానే పంపాడు. నెల తిరక్కుండానే ఇంకొకరి బిడ్డకి కేకు చేశాడంటే వాడిది ఏం గుండె! రేపు వెళ్లి కనపడాలి. వాళ్ల బిడ్డ పోయాక నేను ఆ ఇంటి ముఖం చూడలేదు.

"నేనిప్పుడు పెద్దదాన్నా?" అంది బుడంకాయ.

"పెద్దమనిషివి! మా అమ్మంత!"

మధ్యాహ్నం త్రికాల జపం గంట కొట్టడానికి వెళ్లి, పైన చుట్టచుట్టి ఉన్న ఆ తాడుని చూసి నవ్వాను. "ఇప్పుడేం చేస్తావే?" అన్నాను దాంతో. పైకే అన్నాను. ఎవరైనా వింటే పిచ్చెక్కిందనుకునేవాళ్లు.

గట్టెక్కాం.

జూలై 10

గంజి తాగింది. అడిగి మరీ తాగింది.

జూలై 11

ఇక ఫర్వాలేదు. బేకరీకి వెళ్లడం కుదరలేదు.

జూలై 13

నిద్ర ఎక్కువైంది. నిద్ర మంచిదే.

జూలై 14

పొద్దున.

జూలై 16

రాయాలి. రాయకపోతే తల పగిలేలా ఉంది.

మొన్న పొద్దున ఫాదర్ గారు మంచం పక్కనుంచి లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, "గంట నువ్వు కొట్టక్కర్లేదు. నేను కొడతాను" అన్నారు.

"నేనే కొడతాను" అన్నాను.

"అయితే నీకు ఏది కొట్టాలనిపిస్తే అది కొట్టు. నేను అడగను. ఎవరూ అడగరు."

నా ఇష్టమట. నా ఇష్టమంటే ఆ పిల్ల లేచి కూర్చోవాలి.

గోపురంలోకి వెళ్లాను. పెద్దగంట తాడు ఎదురుగా వేలాడుతోంది. చిన్నదాని తాడు పైన దూలానికి ఉంది. నిచ్చెన షాపులో ఉంది. షాపు ఎంత దూరం? వీధి దాటితే షాపు. వెళ్లి తేవచ్చు. తేవాలనుకున్నాను. నిచ్చెన భుజాన పెట్టుకుని వీధిలో నడుస్తుంటే అందరూ చూస్తారనుకున్నాను. ఏడు నిండాయి కదా, నియమం నియమమే అనుకున్నాను. నేనే కదా పట్టుబట్టి రెండు తాళాలూ వేయించింది, ఇప్పుడు నేనే దొడ్డిదారిన తీయడమేంటి అనుకున్నాను. ఇన్ని అనుకున్నాను కానీ ఆ అడుగు వేయలేదు. పెద్దగంట దాకా మెట్లున్నాయి, నిచ్చెన అక్కర్లేదు, ఎక్కి దాని నాలుకకి రబ్బరు కట్టాను. ట్యూబు ముక్క జేబులోనే ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో నాకు తెలీదు. దేవుడి తోడు, తెలీదు.

రెండేసి కొట్టాను. ఆడమనిషికి కొట్టినట్టు. ఆ తరవాత ఒక్కొక్కటే. పెద్దగంటకి జనం ఎవరని అడగరు, తల బయటికి పెట్టక్కర్లేదు. పెట్టలేదు.

ఆ గంట విని వీధి వీధంతా కొవ్వొత్తుల ముసలమ్మ ఇంటికి పోయారట. ఆడమనిషి, పెద్దగంట, ఇంకెవరుంటారు? గదిలో మంచం మీద కాళ్లు చాపుకుని ఒత్తులు చేసుకుంటున్న ముసలమ్మని చూసి ఇద్దరు ఆడవాళ్లు గావుకేక పెట్టారట. ఆవిడ కర్ర పట్టుకుని, తిట్టుకుంటూ గుడికి బయల్దేరింది. నేను గోపురం తలుపు వేస్తుంటే ఎదురొచ్చింది.

"ఒరేయ్! నేను బతికుండగానే నా గంట కొట్టేశావేంట్రా?" అంది. తమాషాకే అంది. పదేళ్ల వేళాకోళం కదా.

నేను తలుపుకి తాళం పెట్టాను.

ఆవిడ మా ఇంటి వైపు చూసింది. గుమ్మం ముందు ఫాదర్ గారి చెప్పులు ఉన్నాయి. ముసలమ్మ కర్ర కింద పడిపోయింది.

"ఆ చిన్నదానికి ఆ పెద్దగంట ఎలా కొట్టావురా?" అంది. "నీకు చేతులెలా వచ్చాయిరా?"

మా ఇంట్లో ఒక బిడ్డ పోయిందని వీధిలో అరపూట వరకూ ఇంకెవరికీ తెలియలేదు. పక్కింటావిడ ఎప్పటిలాగే అరుగు కడుక్కుంది.

నిన్న భూస్థాపితం. ఏడేళ్లలోపైతే గురువు తెల్ల పూజావస్త్రం వేసుకుంటారు, సంతోషపు పాటలు పాడతారు. ఫాదర్ గారు ఊదారంగు వేసుకున్నారు. నేను గంటతో చెప్పేశాను కదా, ఆయనేం చేస్తారు పాపం. "ఈమె పాపములను మన్నించి" అని చదివారు. చదువుతూ అక్కడ ఆగారు. మళ్లీ చదివారు.

ఈమె. పెట్టె నా చేతుల్లో ఇంతే ఉంది. మా షాపు పనిముట్ల పెట్టె దానికంటే బరువు.

చిన్నగంట మోగకూడదని ఎన్ని జపమాలలు చెప్పాను! మోగలేదు. అక్షరాలా నా ప్రార్థన ఆలకించాడు.

జూలై 17

షాపు తీశాను. మూసేశాను.

జూలై 18

మా ఆవిడ మూడు రోజులుగా నాతో మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడింది. పసుపు గౌనుకి తీసేసిన పిన్నీసులు డబ్బాలో వేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"దాని పాపం ఏంటో నీకు తెలుసా?"

నువ్వు అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు.

"ఫాదర్ గారు చెప్పకూడదు" అన్నాను.

"ఆయనెందుకు చెబుతాడు? అదే చెప్పింది నాకు, ఆ రోజు సాయంత్రం తల దువ్వుతుంటే. అమ్మా, నేను పెద్ద అబద్ధం ఆడాను, ఫాదర్ గారు క్షమించేశారు అంది. ఏం అబద్ధమే అన్నాను. బేకరీ వాళ్ల పాపకి నాన్న గంట కొట్టిన రోజు, పెళ్లని చెప్పాడు కదా, నేను నమ్మినట్టు చప్పట్లు కొట్టాను అంది. నాన్న మొహం అలా ఉంది కదమ్మా, అందుకని కొట్టాను అంది."

నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

"గంటలవాడి కూతురికి గంట తెలీదా?" అంది మా ఆవిడ. "పుట్టిన దగ్గర్నుంచీ వింటోంది. నా కడుపులో ఉన్నప్పటి నుంచీ వింది. అన్నీ తెలుసు దానికి. తాడు నువ్వెందుకు కట్టేశావో కూడా తెలుసు. నాన్నని కొత్త తాడు కొనమన్నానమ్మా, కొంటాడు కదా అంది. నేను కొంటాడన్నాను. నాకు పెద్దది వద్దమ్మా, నాన్నకి చెప్పు అంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే విన్నావా నువ్వు ఏదైనా?"

అంతే. లేచి లోపలికి వెళ్లింది. డబ్బా అక్కడే ఉంది. పిన్నీసులు ఏరి మూత పెట్టాను.

ఆ ఒక్క అబద్ధమే దాని పాపం. నా కోసం ఆడింది. ఆ పాపానికి ఏడేళ్ల పిల్లని పెద్దమనిషిని చేసి పెద్దగంట కొట్టాను. నేను ఆడిన అబద్ధాలకి ఎవరు ఏ గంట కొడతారు? ఛీ. థర్మామీటరు పాడైందట. నయమవుతున్న పిల్లట. పాత పేజీలు తిరగేస్తే నా ముఖం మీద నాకే ఉమ్మేయాలనిపిస్తోంది.

అది అంతా తెలిసే ఒక్కత్తే పడుకుంది అక్కడ. నేను గట్టెక్కామని రాసుకుంటున్నాను.

జూలై 19

పొద్దున షాపు తెరిచి నిచ్చెన భుజాన పెట్టుకుని వీధి దాటాను. అందరూ చూశారు. చూడనీ.

మెట్ల మీద ముసలమ్మ ఉంది. ఈసారి రబ్బరు సంగతి అడగలేదు. నిచ్చెన గోపురం తలుపుకి తగులుకుంటే లేచొచ్చి తలుపు పట్టుకుంది.

కొక్కెం నుంచి తాడు విప్పాను. గట్టిగా ముడి వేసినట్టున్నాను, వేళ్లతో రాలేదు, పళ్లతో లాగాను. తాడు కింద పడింది. దిగి పట్టుకున్నాను. ఆ తాడు మెత్తగానే ఉంది. కొత్తది అక్కర్లేదు.

గట్టిగా, గబగబా, సంబరంగా కొట్టాలి. నావల్ల కాదనుకున్నాను. చేతులకి అలవాటు కదా, అవే కొట్టాయి. ఎంతసేపు కొట్టానో తెలీదు. మా నాన్న కొట్టినదానికన్నా బాగా కొట్టాను. గంట ఏడవలేదు.

ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టాను.

జనం ఆగిపోయి ఉన్నారు. నాలుగు రోజుల కింద మట్టి చేసి వచ్చినవాళ్లే సగం మంది. ఎవరూ మాట్లాడటం లేదు, ఏం చేయాలో తెలియక పైకి చూస్తున్నారు. ఫాదర్ గారు పెరటి గేటు దగ్గర మగ్గుతో నిలబడ్డారు. మా ఇంటి కిటికీలో మా ఆవిడ ఉంది. బుడంకాయ కూర్చునే చోటే, దాని మంచం మీద తను కూర్చుని ఉంది.

బేకరీ అతను పిండి చేతులతో కొట్టు దిగి వీధి మధ్యకి వచ్చాడు. నేను ఇప్పటికీ వాళ్లింటికి వెళ్లలేదు. అరచెయ్యి ఎండకి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. ఆయనకి తెలుసు. అందరికీ తెలుసు.

"ఎవరి బిడ్డ?" అని అడిగాడు.

"నా బిడ్డ" అన్నాను.

వినపడలేదు కాబోలు, ఇంకో అడుగు ముందుకొచ్చి మళ్లీ అడిగాడు. "ఎవరి బిడ్డ?"

మళ్లీ చెప్పాను.